పందిరి కూలిన పెళ్లి ఏ డిస్కులో ఉంది?

అమలాపురంలో వెంకటరాజుగారి ఫోటో ల్యాబ్‌కి వచ్చేవాళ్లు తారీఖులు చెప్పరు. పెళ్లి ఎప్పుడైందని అడిగితే తల గోక్కుంటారు. "అదేనండి, పందిరి కూలిపోయిందే, ఆ పెళ్లి" అంటారు. లేకపోతే "పెళ్లికొడుకు బావగారు అలిగి కాలవగట్టు మీద కూచున్నారు చూడండి, ఆ పెళ్లండి" అంటారు. కంప్యూటర్‌కి ఈ భాష రాదు. సలోమికి వచ్చు. "ఆయ్, కొత్తపేట పెళ్లి కదండీ, ఇప్పుడే తీస్తాను" అని అద్దాల బీరువాలోంచి పదిహేడో నంబరు డిస్కు తీసి, తగిలించి, రెండు నిమిషాల్లో కూలిన పందిరిని తెర మీద నిలబెట్టేస్తుంది.

ఇదొక విద్య అని ఎవరూ అనుకోలేదు. సలోమి అసలే అనుకోలేదు. పద్దెనిమిదేళ్ల కిందట ఇంటర్ పరీక్షలు రాసిన నెలలోనే తండ్రి పోతే, నడిపూడి నుంచి సైకిలు మీద వచ్చి ఈ ల్యాబ్‌లో చేరింది. రాజోలు నుంచీ కాట్రేనికోన నుంచీ స్టూడియోల వాళ్లు తీసిన పెళ్లిళ్లన్నీ ఇక్కడికే వస్తాయి. ఇక్కడ పది కంప్యూటర్ల ముందు కూర్చున్న పదిమంది వాటిని ఆల్బములుగా తయారుచేస్తారు. ఏ పెళ్లి ఏ డిస్కులో దాచాలి, ఏది ఎవరికి ఇవ్వాలి, ఏది ఎప్పుడు అడిగినా ఎలా తియ్యాలి అన్నదంతా సలోమి పని. దాచి ఉంచమని అడిగినవాళ్లవే నాలుగువందల పైచిలుకు పెళ్లిళ్లు నలభైమూడు డిస్కుల్లో ఉన్నాయి. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో మాత్రం ఒక్క సలోమి తలలోనే ఉంది.

రాజుగారు మంచివారు. ఈ కథలో చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడి దగ్గర ఉద్యోగం మానెయ్యడానికి ఒక్క రోజు చాలు. తండ్రి లేని పిల్లని పేరు పెట్టి పిలవకుండా "అమ్మా" అని పిలిచి, పెళ్లికి తనే కెమెరా పట్టుకుని చర్చికి వచ్చి, ఒక్క రూపాయి తీసుకోకుండా ఫోటోలు తీసిన మనిషి దగ్గర మానెయ్యడానికి ఒక జన్మ పడుతుంది. ఆ ఇంటి ఇల్లాలు ఉమామహేశ్వరిగారు ఇంకా ఒక మెట్టు పైన. ల్యాబ్‌లో పూజ ఉన్న రోజున పులిహోర నైవేద్యం పెట్టక ముందే సలోమి కోసం ఒక డబ్బాలోకి తీసి పక్కన పెట్టేస్తారు. ప్రసాదం తినదని ఆవిడకి తెలుసు. తినదని ఎవరికీ తెలియనివ్వకూడదని కూడా తెలుసు. ఇంత మర్యాద మధ్య మనిషి ఊపిరి తీసుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

సలోమి భర్త రవికుమార్ ప్రభుత్వాసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగి. ఏడాదిన్నర కిందట రంపచోడవరం బదిలీ అయ్యింది. పెళ్లిళ్ల సీజన్‌లో సలోమి ఇల్లు చేరేసరికి ఎనిమిదవుతుంది. తొమ్మిదేళ్ల కూతురు శిరీషని చూసుకునేవాళ్లు లేక, పిల్ల తండ్రితో పాటే వెళ్లి అక్కడి మిషన్ బడిలో చేరింది. తల్లీ కూతుళ్లు ఆదివారం ఆదివారం కలుసుకుంటారు, అదీ బస్సు దొరికితే. ఈ వేసవిలో ఆ బడిలోనే కంప్యూటర్ టీచర్ పోస్టు ఖాళీ అయ్యింది. దసరా సెలవుల తరువాత మంగళవారం బడి తెరిచేసరికి వచ్చి చేరితే సరే, రాకపోతే వేరే మనిషిని చూసుకుంటామని హెడ్‌మిస్ట్రెస్ కచ్చితంగా చెప్పింది.

ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కనక ల్యాబ్‌లో మనుషులు మొహాలు చూసుకుంటూ టీలు తాగుతారు. అలాంటి రోజు చూసి సలోమి నోరు విప్పింది.

"రాజుగారండీ, దసరా అయ్యేక నేను మానేద్దామనుకుంటున్నానండి. పిల్ల అక్కడా, నేనిక్కడా..."

రాజుగారు అడ్డు చెప్పలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పాపం, పిల్ల దగ్గర ఉండాలి కదమ్మా. వెళ్దువుగాని. కానీ నువ్వు లేకపోతే ఈ డిస్కుల గోల ఎవరు పడతారు? నువ్వు లేకపోయినా నడిచేలా ఏదో ఏర్పాటు చూడు. ఎలాంటివున్నాయో, ఏది మంచిదో రాసుకురా. అది పెట్టించేసి, ప్రకాష్‌కి నేర్పేసి, నవ్వుకుంటూ వెళ్లు."

"ఆయ్, అలాగేనండి" అంది సలోమి. ప్రకాష్ ల్యాబ్‌లో పాత డిజైనర్, బుద్ధిమంతుడు. సలోమికి మనసు తేలికైంది. ఒక కాగితం రాస్తే చాలు, వెళ్లిపోవచ్చు.

నాలుగు రోజులు కూర్చుని చూసింది. మొదటి దారి, ఇప్పుడున్నట్టే ఉండటం: కంప్యూటర్‌కి ఒక డిస్కు తగిలించుకుని ఎవరి పని వాళ్లు చేసుకోవడం. చవకే, కానీ ఒకరి దగ్గరున్న పెళ్లి పక్కవాళ్లకి కావాలంటే డిస్కు ఊడదీసి పట్టుకెళ్లాలి. చేతిలోంచి జారిందా, ఆ పెళ్లి అయిపోయినట్టే. అలా ఒకటి జారింది కూడా. ఆ ఇంటివాళ్లకి సర్ది చెప్పడానికి రాజుగారు స్వయంగా అరటిగెలతో వెళ్లాల్సి వచ్చింది.

రెండో దారి నాస్ పెట్టె. నాలుగు డిస్కులు ఒకే పెట్టెలో కూర్చుంటాయి. దాన్ని ల్యాబ్ నెట్‌వర్క్ తీగకి కలిపితే పది కంప్యూటర్లూ అందులోంచే తీసుకుంటాయి, అందులోనే పెడతాయి. ఊరందరికీ కలిపి ఒక గాదె ఉన్నట్టు. నాలుగిట్లో ఒక డిస్కు చచ్చిపోయినా మిగతా మూడూ కలిసి దాని సరుకుని మళ్లీ కట్టుకొస్తాయి. కానీ పెట్టె మొత్తం పోతే నాలుగూ పోతాయి. అందుకని ఇంకో నకలు వేరేచోట ఉండాలి. ఎర్ర దీపం వెలిగిందా లేదా అని చూసుకునే మనిషీ ఉండాలి.

మూడోది క్లౌడ్. మన సరుకు ఎక్కడో పెద్ద కంపెనీ గిడ్డంగిలో ఉంటుంది, నెలనెలా అద్దె కట్టాలి. డిస్కులు మార్చక్కర్లేదు, దుమ్ము తుడవక్కర్లేదు. చూసుకునే మనిషి అక్కర్లేదు.

ఈ చివరి మాట రాసుకుని సలోమి కలం పక్కన పెట్టి కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. మనిషి అక్కర్లేదు. అంతకన్నా అందమైన మాట ఆ నోటుపుస్తకంలో మరొకటి లేదు.

కానీ పరీక్ష చెయ్యకుండా రాసే రకం కాదు. మొన్ననే వచ్చిన రాజోలు పెళ్లి, ఫోటోలూ వీడియోలూ కలిపి ముప్ఫై ఎనిమిది జీబీ, పైకి ఎక్కించడం మొదలుపెట్టింది. సోమవారం పొద్దున్న మొదలైంది. మధ్యాహ్నం కరెంటు పోయింది. మర్నాడు కొబ్బరి మట్ట పడి వీధిలో నెట్ తీగ తెగింది. దాన్ని అతికించాక బుధవారం కొబ్బరికాయల లారీ పైనున్న బస్తాలు తగిలి అదే తీగ ఇంకోచోట తెగింది. గురువారం సాయంత్రానికి పెళ్లి పూర్తిగా ఎక్కింది. ఒక్క పెళ్లికి నాలుగు రోజులు. మాఘమాసంలో వారానికి ముప్ఫై పెళ్లిళ్లొస్తాయి. ఈ లెక్కన ఈ మాఘంలో పెళ్లయినవాళ్ల ఫోటోలు పిల్లల అన్నప్రాశన నాటికి కూడా పైకి ఎక్కవు.

సలోమి అబద్ధం రాయొచ్చు. రాజుగారికి క్లౌడంటే ఏమిటో తెలియదు, సలోమి మంచిదంటే మంచిదే. ఆమె వెళ్లిపోయాక మాఘం వస్తుంది, అప్పటికి తను రంపచోడవరంలో ఉంటుంది, తిట్లు అక్కడిదాకా వినపడవు. ఇదంతా ఆలోచించింది. చాలాసేపే ఆలోచించింది. తనని తనే తిట్టుకుంటూ నిజం రాసింది.

కాగితం మీద మొదటి లైను: "మన ల్యాబ్‌కి నాస్ పెట్టె మంచిది." మధ్యలో రెండు ముఖ్యమైన సంగతులు రాసింది. తయారైన ఆల్బమ్ పేజీలు చిన్నవి కాబట్టి వాటిని మాత్రం క్లౌడ్‌లో కూడా పెట్టొచ్చు, రోజుకి పదేసి పెళ్లిళ్లు ఎక్కుతాయి అన్నది ఒకటి. రెండు నకళ్లూ ఎప్పుడూ ఒకే కప్పు కింద ఉండకూడదు అన్నది రెండోది. చివరి లైను: "పెట్టెని రోజూ ఒకరు చూసుకోవాలి."

రాజుగారికి ఒక అలవాటుంది. ఏ కాగితమైనా పై లైను చదువుతారు, కింది లైను చదువుతారు. మధ్యలోది "నువ్వు రాసేవు కదమ్మా, తప్పెందుకుంటుంది" అని వదిలేస్తారు. ఇదీ అలాగే చదివారు.

"రోజూ ఒకరు చూసుకోవాలా? ఆ ఒకరూ నువ్వే కదమ్మా!" అని హాయిగా నవ్వారు.

"అదికాదండి, ప్రకాష్‌కి నేర్పితే..."

"నేర్పు, నేర్పు. నువ్వు పక్కన ఉండి నేర్పుతావు కదా."

సలోమి కుడితిలో పడ్డ ఎలుకలా చూసింది. వదిలించుకోవడానికి రాసిన కాగితమే కాలికి తాడైంది. మధ్యలో రాసినది ఒకసారి చదవండి అనాలి. పెద్దాయనతో ఆ మాట ఎలా అంటుంది? ఆయ్ అంది. మొహమాటం గురించి మనవాళ్లకి ఒక సామెత ఉంది, ఇక్కడ రాయడం బాగుండదు గానీ, ఆ సామెత చెప్పినవాళ్లు కచ్చితంగా గోదావరి జిల్లాల్లో కొన్నాళ్లు ఉండి ఉంటారు.

శ్రావణంలో పెట్టె వచ్చింది. నలభైమూడు డిస్కుల్లోని పెళ్లిళ్లన్నీ దాంట్లోకి ఎక్కాయి. అన్నిటికీ ఇంకో నకలు ఒక పెద్ద డిస్కు మీద, లావుపాటి బైబిలంత దాని మీద తీసి, సలోమి ఇంటి బీరువాలో చీరల మధ్య పెట్టారు. శనివారం శనివారం దాన్ని తువ్వాలులో చుట్టి తీసుకురావడం, కొత్త పెళ్లిళ్లు ఎక్కించడం, మళ్లీ ఇంటికి మొయ్యడం. పాత డిస్కులు చెరిపేసి రాజమండ్రి దుకాణానికి ఇచ్చేద్దామన్నారు రాజుగారు. కొన్నాళ్లు ఉంచుదామనుకుంది సలోమి. "ఆయ్" అంది.

ఆ పనిలో పడి తన బస్సు సంగతే మర్చిపోయిందని కాదు. ప్రకాష్ డిస్కు మార్చడం నేర్చుకున్నాడు, ఎర్ర దీపం వెలిగితే ఏం చెయ్యాలో నేర్చుకున్నాడు. కానీ కౌంటర్ దగ్గరికి ఎవరో వచ్చి "పెళ్లికూతురి మేనత్త ఏడ్చిందే, ఆ పెళ్లి" అనగానే మొహం వేలాడేసుకుని "అక్కా..." అని వచ్చేవాడు. రాజుగారు అది చూసి ముసిముసిగా నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే సలోమికి గుండెలో ఎక్కడో తలుపు గడియ పడినట్టుండేది.

దసరా సెలవులకి రవికుమార్, శిరీష వచ్చారు. సోమవారం పొద్దున్న పదిన్నర బస్సుకి ముగ్గురూ వెళ్లాలని నిశ్చయం. శిరీష రాగానే ఒక పని పెట్టింది. బడిలో 'మా కుటుంబం' అని అట్ట తయారుచేసుకురమ్మన్నారట, అందులో అమ్మానాన్నల పెళ్లి ఫోటో అతికించాలట.

"ల్యాబ్‌లో ఉందే, తెస్తాను" అంది సలోమి. ఆ మాట ఆమె పదకొండేళ్లుగా అంటూనే ఉంది. సొంత పెళ్లి ఆల్బమ్ ఎప్పుడూ వచ్చే ఆషాఢానికి వాయిదా.

బుధవారం సాయంత్రం రాజుగారు పిలిచారు. "రేపు ఆయుధపూజ కదమ్మా. మీ ఇంట్లో ఉన్న డిస్కు కూడా తీసుకురా. అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి దానికొక్కదానికీ పెట్టకపోతే ఎలా? అదీ మనదే కదా."

రెండు నకళ్లూ ఒకే కప్పు కింద ఉండకూడదు. తను రాసిన మాటే కళ్ల ముందు కనిపించింది. అది చెబుదామనుకుంది. అదే మాట ప్రకాష్ అంటే జాగ్రత్త అనుకుంటారు. మా ఇంట్లో ఉన్నదానికి పూజ వద్దని సలోమి అంటే అది మతం అయిపోతుంది. ముందుగానే తీసి పక్కన పెట్టిన పద్దెనిమిదేళ్ల పులిహోర గుర్తొచ్చింది. వెళ్లిపోయే నాలుగు రోజుల ముందు ఆ ఇంటివాళ్ల మనసు నొప్పించడమా?

"ఆయ్, తెస్తానండి" అంది.

గురువారం పొద్దున్న ల్యాబ్ అంతా మామిడాకులు, బంతిపూలు. కెమెరాలు, పెట్టె, డిస్కు ఒకే బల్ల మీద, అరిటాకు మీద కొలువు తీరాయి. రాజుగారికి ఇంకో ముచ్చట కూడా కలిగింది. దీపాలు వెలుగుతుంటే కళగా ఉంటుందని అన్నిటికీ కరెంటు పెట్టించారు. అన్నీ ఒకే ప్లగ్గుల పెట్టెకి తగిలించారు. అది అరిటాకు చివర, బొట్టు పెట్టించుకుని కూర్చుంది. సలోమి ఎప్పటిలాగే తలుపు దగ్గర నిలబడింది. అక్కణ్ణించి ఆ ప్లగ్గుల పెట్టె కనపడింది. అయ్యో, దాన్ని కింద పెడితే బాగుండును అనుకుంది. మంత్రం మధ్యలో మాట్లాడకూడదు కదా అని ఆగింది.

కొట్టాల్సిన కొబ్బరికాయ రాజుగారి సొంత తోటలోది, గుమ్మడికాయంత. ప్రతి ఏడూ ఆయన కత్తితో కొడుతుంటే నీళ్లు ఒలక్కుండా ఉమామహేశ్వరిగారు గ్లాసు పట్టేవారు. ఈసారి ఆవిడ చేతిలో హారతి పళ్లెం ఉంది. ఎవరో ఒకరు పడతారులే అని అందరూ అనుకున్నారు. ఒక్క దెబ్బకి కాయ రెండు చెక్కలై, నిండు గ్లాసుడు నీళ్లు అరిటాకు మీద పడి, ఏటవాలుకి జారి ప్లగ్గుల్లోకి పోయాయి. టప్పుమని చప్పుడు. కాలిన వాసన. అందరూ హారతి వైపు చూస్తున్నారు. పెట్టె మీది నాలుగు ఆకుపచ్చ దీపాలూ, డిస్కు మీది ఒక్క దీపమూ ఒకేసారి ఆరిపోవడం సలోమి చూసింది.

సాయంత్రానికి నిజం తేలింది. పెట్టె లేవదు, డిస్కు లేవదు, పాత డిస్కులు ఎప్పుడో చెరిగి రాజమండ్రి పోయాయి. హైదరాబాద్‌లో ఇలాంటివి బాగుచేసే వాళ్లకి ఫోన్ చేస్తే, పంపించండి, మూడు నెలలు పడుతుంది, సగం వచ్చినా అదృష్టమే అన్నారు. ఆషాఢం కాగితంలో మధ్యలో రాసింది రాజుగారు చదివి ఉంటే, కనీసం ఆల్బమ్ పేజీలైనా ఈపాటికి క్లౌడ్‌లో ఉండేవి. నాలుగువందల పెళ్లిళ్లకి నెలన్నర చాలు.

రాజుగారు కుర్చీలో కూలబడ్డారు. పంచె మీద పసుపు మరకలు. "నా చేత్తోనే చేసేను కదమ్మా" అన్నారు. తరువాత కాసేపటికి, "నువ్వున్నావు, అది చాలు. నీ తలకాయలో ఉంది కదా అంతా" అన్నారు.

ఆయన ఒక్క మాట తిట్టి ఉంటే సలోమి ఆ క్షణమే చేతులు కడుక్కుని వెళ్లిపోయేది. తిట్టలేదు. ముందే చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు నాదే అని ఆమె కుమిలిపోతుంటే, ఆయన మంచినీళ్లు తెప్పించి ముందు ఆమెకి ఇచ్చారు. ఇక కదలడానికి ఎక్కడ దారి?

శనివారం చిట్టెమ్మ వచ్చింది. కాట్రేనికోన దగ్గర పల్లె. చేతిలో చిన్న సంచి, నుదుటి మీద బొట్టు లేదు.

"అమ్మా, పందిరి కూలిన పెళ్లి ఒకటుందంట కదా ఇక్కడ" అంది.

"కొత్తపేట పెళ్లండి. మీకేమవుతారు?"

"ఏమీ కారమ్మా. ఆ పందిరి వేసింది మా ఆయనే."

సలోమికి ఆ మనిషి గుర్తొచ్చాడు. ఆ ఫోటో తనే సరిచేసింది. గాలివానకి పందిరి ఒక పక్క ఒరిగిపోతే, తలమీద తడిసిన తువ్వాలుతో ఒక మనిషి గుంజ పట్టుకుని, తాళి కట్టేదాకా అలాగే నిలబడ్డాడు. సిగ్గుతో నవ్వుతున్నాడు. వెనక ఆడవాళ్లందరూ పగలబడి నవ్వుతున్నారు.

"మొన్న శ్రావణంలో పోయేడమ్మా. ఆధార్ కార్డు మీద బొమ్మ తప్ప ఇంట్లో ఇంకోటి లేదు. అందులో దొంగలా ఉన్నాడు. అక్కడ నవ్వేడంట కదా, అది ఇప్పించమ్మా."

సలోమి అలవాటుగా అద్దాల బీరువా తలుపు తీసి, మళ్లీ మూసేసింది. రాజుగారు బల్ల దగ్గర తల దించుకున్నారు. డిస్కులు కొరియర్‌లో హైదరాబాద్ వైపు పోతున్నాయి. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఎవరో వాళ్ల భాషలో అడిగితే సలోమి దగ్గర తీసివ్వడానికి ఏమీ లేదు.

ఊరికే నిలబడలేక ఆ పెళ్లివారింటికి ఫోన్ చేసింది. పెళ్లికొడుకు తల్లి వీరాయమ్మగారు ఎత్తారు. "మీరు అప్పుడు ఆల్బమ్‌తో పాటు చిన్న పెన్‌డ్రైవు ఇచ్చేరు చూడు, అది బీరువాలో నా పట్టుచీర కింద భద్రంగా ఉందమ్మా. అందులో కాకపోతే ఇంకెందులో ఉంటుంది?" అన్నారు, ఇదేం ప్రశ్న అన్నట్టు. అరగంటలో ఆవిడ కోడలు వెతికి ఫోన్‌కి పంపింది. సలోమి పెద్ద సైజులో ప్రింటు తీసి ఇచ్చింది. చిట్టెమ్మ దాన్ని కళ్లకి మరీ దగ్గరగా పెట్టుకుని చూసింది. "చూడు, పందిరి కూలబెట్టి ఎలా నవ్వుతున్నాడో, సిగ్గులేని మనిషి" అని ఏడ్చింది.

ఆవిడ వెళ్లాక కూడా సలోమి అలాగే నిలబడింది. ఆషాఢంలో మూడు దారులు రాసింది. నాలుగోది కళ్ల ముందే ఉండి కూడా రాయలేదు. ప్రతి పెళ్లికీ పెన్‌డ్రైవు ఇచ్చారు. కోనసీమలో ఎవరి పెళ్లి వాళ్ల బీరువాలోనే, చీరల కింద, నాఫ్తలీన్ ఉండల పక్కన ఉంది. అన్నీ వెనక్కి రాబట్టొచ్చు.

ఆ మాట చెప్పగానే రాజుగారి మొహం వెలిగిపోయింది. లేచి నిలబడ్డారు. "బతికించేవమ్మా! అయితే ఇల్లిల్లూ తిరగాలి. ఏ పెళ్లి ఏ ఇంట్లో ఉందో నీకే కదా తెలుసు. ఆటో నేను పెడతాను. ఒక్క ఏడాది, అంతే. ఆ బడివాళ్లకి నేను చెబుతాను."

"ఆయ్" అంది సలోమి.

ఆ ఆయ్ తన చెవిన తనకే పడింది. ఎవరో పరాయి మనిషి అన్నట్టుంది. దాన్ని వెనక్కి లాక్కుందామనుకుంది. మర్యాద తెలిసిన నోరు, ఒకసారి అన్నది మళ్లీ ఎలా కాదంటుంది? ఇంటికి నడుస్తూ లెక్కేసుకుంది. ఇంకో ఏడాదికి శిరీషకి పదేళ్లు వస్తాయి. ఆ తరువాత ఇంకేదో పెట్టె, ఇంకేదో నకలు.

గుమ్మంలో శిరీష జిగురు సీసా పట్టుకుని ఎదురు చూస్తోంది. "అమ్మా, పెళ్లి ఫోటో తెచ్చేవా?"

అప్పుడు తెలిసింది సలోమికి. ఊరందరికీ పెన్‌డ్రైవులు ఇచ్చింది. తన పెళ్లి మాత్రం, ఎక్కడికి పోతుంది, నా చేతిలోనే ఉంది కదా అని పెన్‌డ్రైవులోకి తియ్యకుండా డిస్కులోనే ఉంచేసింది. పట్టుచీర కింద వెతకడానికి ఏమీ లేదు. పెళ్లినాటి ఫోటోలంటే చర్చి రిజిస్టర్లో అంటించిన స్టాంపు సైజువి రెండే ఉన్నాయి, ఆమెదొకటి, రవికుమార్‌దొకటి, విడివిడిగా. గుమ్మంలోనే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. పెళ్లి పోయిందని ఏడ్చిందో, పదకొండేళ్లు పోయాయని ఏడ్చిందో, రెండూ కలిసే వచ్చాయి.

రవికుమార్ వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి, "నీ తలకాయలో ఉన్నదంతా కాగితం మీద పెట్టెయ్యి. ఆయనకి కావలసింది నువ్వు కాదు, అది" అన్నాడు. ఇంత చిన్న మాట ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు. ఎవరూ అడగకుండా కాపాడుకున్న విద్య కదా, సలోమికి కూడా లోలోపల దాని మీద కొంచెం గర్వం ఉండేదేమో.

ఆదివారం చర్చి నుంచి వచ్చి మొదలుపెట్టారు. సలోమి చెబుతుంటే తండ్రీ కూతుళ్లు వంతులేసుకుని రాశారు. ఏ ఊరు, ఎవరిల్లు, ఏ నెల, ఏ గుర్తు, పెన్‌డ్రైవు ఎవరి దగ్గరుంది. అలిగిన బావగారు, ఏడ్చిన మేనత్త, పెరుగు అయిపోయిన భోజనాలు, పడవ మీద వచ్చిన పెళ్లివారు. శిరీషకి రాస్తూ రాస్తూ నవ్వు ఆగలేదు. చీకటి పడేసరికి మూడు నోటుపుస్తకాలు నిండాయి. చివరి లైను సలోమి తనే రాసింది. తెలిసే అక్కడ రాసిందా, ఆఖరున గుర్తొచ్చి రాసిందా అంటే నేను చెప్పలేను. అడిగితే ఆవిడా చెప్పదు.

సోమవారం పొద్దున్న సామానుతో ముగ్గురూ ల్యాబ్‌కి వెళ్లారు. సలోమి పుస్తకాలు రాజుగారి బల్ల మీద పెట్టింది. "నాకు తెలిసిందంతా ఇందులో ఉందండి. ఇంకేమీ మిగల్లేదండి" అంది.

రాజుగారు మొదటి పుస్తకం తెరిచి మొదటి లైను చదివారు. తరువాత మూడో పుస్తకం తిరగేసి చివరి లైను చదివారు.

"సలోమి, రవికుమార్. ఫిబ్రవరి, నడిపూడి చర్చి. గుర్తు: ఫోటోలు రాజుగారే తీశారు. పెన్‌డ్రైవు ఎవరింట్లో ఉంది: ఎవరింట్లోనూ లేదు."

ఆయన ఆ లైను మీద వేలు పెట్టి ఇంకోసారి చదివారు. చివరికి, "బస్సెన్నింటికమ్మా?" అన్నారు.

"పదిన్నరకండి."

"ఇంకా టైముంది. ముగ్గురూ ఆ గోడ దగ్గర నిలబడండి."

పాత కెమెరా తీశారు. దాని మీద గురువారం పెట్టిన బొట్టు ఇంకా అలాగే ఉంది. శిరీషని మధ్యలో పెట్టి, రవికుమార్ కాలరు సరిచేసి, "నవ్వమ్మా" అని మూడుసార్లు అంటే సలోమి ఏడుపు మొహంతోనే నవ్వింది. రెండు ప్రింట్లు తీశారు. ఒకటి శిరీష చేతికిచ్చారు, అట్ట మీద అతికించుకోమని. రెండోది తన బల్ల అద్దం కింద పెట్టుకున్నారు.

"రెండు నకళ్లూ ఒకే కప్పు కింద ఉండకూడదు కదమ్మా" అన్నారు.

ఆషాఢంలో ఇచ్చిన కాగితం మధ్యలో ఉన్న లైను అది. ఈ మూడు రోజుల్లో ఎప్పుడు తీసి చదువుకున్నారో. సలోమి ఆయ్ అనబోయి, శిరీష చెయ్యి పట్టుకుంది. రవికుమార్ పెద్ద సంచి భుజాన వేసుకుని, బస్సు వచ్చేస్తుంది, పదండి పదండి అని తొందరపెట్టాడు.